కాలేజీ ఫుట్‌బాల్‌లో రిక్రూటింగ్ రేటింగ్‌లు: స్టార్లు చెప్పేది ఎంతవరకు నిజమవుతుంది

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన, కాలితో ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టి, విసిరి, అడ్డొచ్చినవాళ్లను ఢీకొడుతూ గీత దాటించే ఆట. ఇందులో కాలేజీ జట్లకు ఉన్న ఆదరణ ప్రొఫెషనల్ జట్లకు ఏమీ తీసిపోదు. మిషిగన్, ఒహాయో స్టేట్, టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయాల స్టేడియాల్లో ఒక్కోదానిలో లక్ష మందికి పైగా పడతారు. పై చదువులకు అక్కడికి వెళ్లిన తెలుగు విద్యార్థులకు శనివారం పూట ఆ ఊళ్లు ఎలా మారిపోతాయో తెలిసే ఉంటుంది.

ఈ జట్లకు ఆటగాళ్లు ప్రధానంగా హైస్కూళ్ల నుంచి వస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఉన్నట్టు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఇక్కడ లేదు. ఎవరినైనా ఏ కాలేజీ అయినా అడగవచ్చు, కుర్రాడు తనకు నచ్చిన చోటికి వెళ్లవచ్చు. కోచ్‌లు ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడి, స్కాలర్‌షిప్ ఇస్తామని చెప్పి పిల్లలను తమ వైపు తిప్పుకునే ఈ ప్రయత్నాన్నే రిక్రూటింగ్ అంటారు. ఏ కుర్రాడు ఎంత గొప్పవాడవుతాడో ముందే లెక్కగట్టి చెప్పే సంస్థలు దాని చుట్టూ పుట్టుకొచ్చాయి. అవి ఇచ్చే ఒకటి నుంచి ఐదు స్టార్ల గుర్తులే రిక్రూటింగ్ రేటింగ్‌లు. పదహారు, పదిహేడేళ్ల పిల్లవాడు ఇరవై ఒకటో ఏట ఎలా ఆడతాడో చెప్పబూనడం చిన్న సాహసం కాదు. రెండు దశాబ్దాలకు పైగా పోగైన ఫలితాలను చూస్తే ఈ అంచనాలు గుంపు విషయంలో బాగా నిలిచాయి, ఒక్కొక్కరి విషయంలో అంతగా నిలవలేదు. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లే రేటింగ్‌ల మీద జరిగే వాదనల్లో ఎక్కువ భాగం తెగకుండా సాగుతోంది.

పుట్టుక, కొలమానం

ఇంటర్నెట్‌కు ముందు ఈ పని ఒకరిద్దరు మనుషుల చేతిలో ఉండేది. షికాగో ప్రాంతానికి చెందిన టామ్ లెమింగ్ 1970ల చివర కారులో దేశమంతా తిరిగి, హైస్కూల్ ఆటగాళ్లను కలిసి, వివరాలు అచ్చువేసి చందాదారులకు పంపడం మొదలుపెట్టాడు. 1980ల్లో ఆలెన్ వాలెస్ నడిపిన సూపర్‌ప్రెప్ వంటి పత్రికలు వచ్చాయి. 1998లో రైవల్స్ వెబ్‌సైట్, ఆ వెనకే స్కౌట్ పుట్టాక ఇది పెద్ద వ్యాపారమైంది. ప్రతి విశ్వవిద్యాలయపు అభిమానులకూ ఒక పేజీ, నెలనెలా చందా, రోజూ వార్తలు. రైవల్స్‌ను 2007లో యాహూ కొన్నది. 2010లో మొదలైన 247 స్పోర్ట్స్‌ను 2015లో సీబీఎస్ తీసుకుంది, 2017లో స్కౌట్ కూడా దానిలో కలిసిపోయింది. 2021లో ఆన్3 వచ్చింది, 2025లో రైవల్స్ దాని చేతికి చేరింది. ఈఎస్‌పీఎన్ తన జాబితా తను వేస్తుంది.

ఐదు స్టార్ల గుర్తు చాలా కొద్దిమందికి, ఏటా ముప్పై మంది చిల్లరకు మాత్రమే దక్కుతుంది. 247 స్పోర్ట్స్ దాన్ని 32 దగ్గర కట్టడి చేయడానికి కారణం ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 32 ఎంపికలు ఉండటమే. అంటే ఐదు స్టార్లు ఇవ్వడం ‘ఈ అబ్బాయి మూడు నాలుగేళ్ల తరువాత మొదటి రౌండ్‌లో వెళ్లే రకం’ అని రాసివ్వడంతో సమానం. నాలుగు స్టార్లవాళ్లు మూడు నాలుగు వందల మంది ఉంటారు. మూడు స్టార్లవాళ్లను వేలల్లో లెక్కపెట్టాలి. ఆ కిందివాళ్లలో చాలామందిని ఏ విశ్లేషకుడూ కళ్లారా చూసి ఉండడు. నాలుగు, ఐదు స్టార్లవాళ్లను కలిపి ‘బ్లూ చిప్’ ఆటగాళ్లంటారు.

ఒక్కో సంస్థ ఒక్కోలా చెబుతుంది గనుక 247 స్పోర్ట్స్ అందరి రేటింగ్‌లనూ కలిపి ‘కంపోజిట్’ అనే మిశ్రమ సంఖ్య తయారుచేసింది. అందులో 1.0000 వస్తే అందరూ ఏకగ్రీవంగా అగ్రస్థానం ఇచ్చారని అర్థం. ఒక కాలేజీ ఆ ఏడాది చేర్చుకున్న పిల్లలందరినీ కలిపి ‘క్లాస్’ అంటారు, దానికీ పాయింట్లుంటాయి. ఆ పాయింట్లు కట్టడంలో చక్కని ఆలోచన ఒకటుంది. క్లాస్‌లో అందరికన్నా మెరుగైన ఆటగాడి సంఖ్య పూర్తిగా కలుస్తుంది, కిందికి పోయేకొద్దీ ఒక్కొక్కరి వాటా గంట ఆకారపు వక్రరేఖ వెంట తగ్గిపోతుంది. ముప్పై మంది సాధారణ ఆటగాళ్లను పోగుచేసి పాయింట్లు పెంచుకోవడం అందువల్ల కుదరదు.

స్టార్లు ఎలా పడతాయి

విశ్లేషకులు ప్రాంతాలు పంచుకుంటారు. శుక్రవారం రాత్రి హైస్కూల్ మ్యాచ్‌లకు వెళతారు, వీడియోలు చూస్తారు, వేసవి శిబిరాల్లో పిల్లలు ఒకరినొకరు ఎదుర్కొనే తీరు గమనిస్తారు. ఎత్తు, బరువు, చేతి పొడవు, 40 గజాల పరుగుకు పట్టిన సమయం రాసుకుంటారు. చివరి ఏడాది ముగిశాక శాన్ ఆంటోనియో వంటి చోట జరిగే ఆల్ అమెరికన్ మ్యాచ్‌ల దగ్గర వారం రోజుల సాధన చూసి ఆఖరి మార్పులు చేస్తారు.

వాళ్లు చూసే మరో విషయం మీద పెద్ద వివాదం ఉంది. అది ఏ కాలేజీలు ఆ కుర్రాడికి స్కాలర్‌షిప్ ఇస్తామన్నాయన్నది. ఊరూ పేరూ లేని పిల్లవాడిని అలబామా అడిగిందంటే విశ్లేషకుడు అతడి వీడియో మళ్లీ తీసి చూస్తాడు, చాలాసార్లు స్టారు పెరుగుతుంది. దీన్ని మోసమంటూ ఇతర జట్ల అభిమానులు మండిపడతారు. నిజానికి రేటింగ్‌లకు ఉన్న బలంలో కొంత ఇక్కడి నుంచే వస్తోంది. అలబామాను నడిపిన నిక్ సేబన్ వంటి కోచ్ జీతమే ఆటగాళ్లను ఎంచడం మీద ఆధారపడి ఉంటుంది, ఆయన అభిప్రాయాన్ని లెక్కలో వేసుకోని అంచనా అంతమేరకు బలహీనమవుతుంది. ‘మేం స్టార్లు చూడం’ అని కోచ్‌లు అనే మాటా నిజమే. వాళ్లు స్టార్ల వెంట వెళ్లరు, స్టార్లే చాలావరకు వాళ్ల వెంట వెళతాయి. అయితే దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. గెలిచే జట్లు అడిగినవాళ్లకు స్టార్లు ఎక్కువ పడుతుంటే, ‘స్టార్లున్న జట్లే గెలుస్తున్నాయి’ అనే మాటలో కొంత భాగం తిరిగి తిరిగి మొదటికే వస్తుంది.

చూడగలిగినప్పుడే అంచనా నిలుస్తుందన్న సంగతి కరోనా కాలంలో తేలింది. 2020 మార్చి నుంచి 2021 మే ఆఖరు దాకా కాలేజీ కోచ్‌లు ఆటగాళ్లను నేరుగా కలవకూడదన్న నిషేధం నడిచింది. శిబిరాలు ఆగిపోయాయి, కొన్ని రాష్ట్రాల్లో హైస్కూల్ పోటీలే వాయిదా పడ్డాయి. అప్పటి క్లాస్‌ల రేటింగ్‌లు పాత వీడియోల మీద, ఫోన్ మాటల మీద కట్టినవి. వాటిని మిగతా ఏళ్లతో సమానంగా తూచడం తగదు.

ఒక్కొక్క ఆటగాడు

ప్రతి ఫిబ్రవరిలో, ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ సూపర్ బౌల్ వచ్చినప్పుడల్లా ఒక జాబితా చేతులు మారుతుంది. రెండు జట్లలో మొదటి నుంచి ఆడేవాళ్లు హైస్కూల్లో ఎన్ని స్టార్లవాళ్లో అందులో ఉంటుంది. ఐదు స్టార్లవాళ్లు అతి కొద్దిమంది, మూడు అంతకన్నా తక్కువ స్టార్లవాళ్లు బోలెడంత మంది. చూశారా, రేటింగ్‌లన్నీ వట్టివే అంటారు. ఈ వాదన వినడానికి బలంగా ఉంటుంది, లెక్క వేస్తే నిలవదు.

ఆ లెక్క వేద్దాం. దీర్ఘకాలపు ఫలితాలు స్థూలంగా చెప్పేదేమిటంటే, ఐదు స్టార్లవాళ్లలో సుమారు సగం మంది డ్రాఫ్ట్‌లో ఎంపికవుతారు. నాలుగు స్టార్లవాళ్లలో ఐదుగురికి ఒకరు, మూడు స్టార్లవాళ్లలో ఇరవై మందికి ఒకరు అనుకోవచ్చు. ఏటా 32 మంది ఐదు స్టార్లవాళ్లు, 350 మంది నాలుగు స్టార్లవాళ్లు, 2500 మంది మూడు స్టార్లవాళ్లు ఉన్నారనుకుందాం. అప్పుడు డ్రాఫ్ట్‌కు మొదటి గుంపు నుంచి 16 మంది, రెండో గుంపు నుంచి 70 మంది, మూడో గుంపు నుంచి 125 మంది వెళతారు. సంఖ్యలో మూడు స్టార్లవాళ్లే అందరికన్నా ఎక్కువ. అయినా ఐదు స్టార్ల కుర్రాడికి ఉన్న అవకాశం మూడు స్టార్ల కుర్రాడికన్నా పది రెట్లు. రెండు మాటలూ ఒకేసారి నిజం. సూపర్ బౌల్ జాబితా పైకి వచ్చినవాళ్లను మాత్రమే లెక్కపెడుతుంది, వచ్చిన దారిలో ఎంతమంది మిగిలిపోయారో లెక్కపెట్టదు.

కాలేజీ ఆటలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ ఇంకా స్పష్టంగా చెబుతుంది. 2012 నుంచి 2025 దాకా 14 మంది విజేతలు. వారిలో జేమిస్ విన్‌స్టన్, డెరిక్ హెన్రీ, కైలర్ మరీ, బ్రైస్ యంగ్, కేలెబ్ విలియమ్స్, ట్రావిస్ హంటర్ ఆరుగురూ ఐదు స్టార్లవాళ్లు. జానీ మాన్‌జెల్, మార్కస్ మారియోటా, లమార్ జాక్సన్, బేకర్ మేఫీల్డ్ మూడు స్టార్లవాళ్లు. వేలమందిలో ముప్పై మంది చిల్లరగా ఉన్న గుంపు నుంచి పద్నాలుగింట ఆరు రావడం యాదృచ్ఛికం కాదు. మిగతా ఎనిమిదీ మరెక్కడి నుంచో రావడం కూడా అంతే గట్టి నిజం.

అంచనా నిలబడ్డ కథలు చాలా ఉన్నాయి. 2011 క్లాస్‌లో మొదటివాడుగా నిలిచిన జడేవియన్ క్లౌనీ సౌత్ కరోలినాకు ఆడి 2014 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికయ్యాడు. 2018లో అగ్రస్థానానికి పోటీపడ్డ, బంతి విసిరి జట్టు దాడిని నడిపే ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లలో ట్రెవర్ లారెన్స్ తొలి ఏడాదే క్లెమ్సన్‌ను జాతీయ విజేతను చేశాడు, 2021లో మొదటి ఎంపికగా వెళ్లాడు. రెండోవాడు జస్టిన్ ఫీల్డ్స్ అదే మొదటి రౌండ్‌లో పదకొండోవాడు. తప్పిన కథలూ ఉన్నాయి. 2009లో రైవల్స్ జాబితాకు తలమానికంగా ఉన్న, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ బ్రైస్ బ్రౌన్ టెనసీలో చేరి, అక్కడి నుంచి కేన్సస్ స్టేట్‌కు మారి, చివరికి డ్రాఫ్ట్ ఏడో రౌండ్‌లో వెళ్లాడు.

క్విన్ ఈవర్స్‌ది ఈ రెంటికీ మధ్య కథ. కంపోజిట్‌లో 1.0000 సాధించిన అరుదైన క్వార్టర్‌బ్యాక్. ఒహాయో స్టేట్‌లో ఒక ఏడాది దాదాపు ఆడకుండా గడిపి టెక్సస్‌కు వచ్చాడు. 2023లోనూ 2024లోనూ ఆ జట్టును జాతీయ సెమీఫైనల్‌కు చేర్చాడు. 2025 డ్రాఫ్ట్‌లో మాత్రం ఏడో రౌండ్ దాకా ఎవరూ అడగలేదు. రేటింగ్ తప్పినట్టా, నిలిచినట్టా? కాలేజీలో గెలుపే కొలత అనుకుంటే నిలిచింది, ఎన్ఎఫ్ఎల్ కొలత అనుకుంటే తప్పింది. ‘విజయం’ అంటే ఏమిటో ముందు చెప్పుకోకుండా రేటింగ్‌ల నిజానిజాలు తేల్చడం కుదరదు. చాలా చర్చల్లో ఆ మొదటి మెట్టునే దాటేస్తారు.

ఎక్కడ కన్ను మోసపోతుంది

కింది నుంచి ఎదిగినవాళ్ల కథల్లో నాకు ఎక్కువ పాఠం చెప్పినవి మూడు. జె.జె. వాట్ రెండు స్టార్లతో సెంట్రల్ మిషిగన్‌లో బంతి అందుకునే టైట్ ఎండ్‌గా చేరాడు. అది వదిలి స్కాలర్‌షిప్ లేకుండానే విస్కాన్సిన్‌కు వచ్చి డిఫెన్స్‌లోకి మారాడు. 2011 డ్రాఫ్ట్‌లో పదకొండోవాడుగా వెళ్లి, ఎన్ఎఫ్ఎల్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతి మూడుసార్లు గెలిచాడు. అతడికి రేటింగ్ వేసిన స్థానం వేరు, ఆడిన స్థానం వేరు. ఆరన్ డోనల్డ్ పిట్స్‌బర్గ్ కుర్రాడు, మూడు స్టార్లు. డిఫెన్స్ మధ్యలో ఆడేవాడికి ఉండాల్సిన ఎత్తు లేదన్నారు. అతడూ అదే బహుమతి మూడుసార్లు తీసుకున్నాడు. జాష్ అలెన్ కాలిఫోర్నియాలోని ఫైర్‌బా అనే చిన్న ఊళ్లో రైతు కుటుంబంలో పెరిగాడు. హైస్కూల్ ముగిసేసరికి బక్కపలచగా ఉన్నాడు, ఒక్క పెద్ద కాలేజీ పిలవలేదు. రీడ్లీలో రెండేళ్ల కాలేజీకి వెళ్లి, అక్కడ ఎదిగి, వయోమింగ్ చేరాడు. 2018లో డ్రాఫ్ట్ ఏడో ఎంపిక, 2024 సీజన్‌కు ఎన్ఎఫ్ఎల్ అత్యంత విలువైన ఆటగాడు.

స్థానం మారడం, ఎత్తుల కొలతకు లొంగకపోవడం, శరీరం ఆలస్యంగా ఎదగడం, చూసేవాళ్లు లేని ఊరు. రేటింగ్‌లు తప్పే దారుల్లో పెద్దవన్నీ ఈ ముగ్గురిలో కనిపిస్తాయి. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, కాలిఫోర్నియా నగరాల్లో మంచి ఆటగాడు దాగి ఉండటం కష్టం, ప్రతి మ్యాచ్‌కూ ఎవరో ఒకరు వస్తారు. జనం తక్కువగా ఉన్న పడమటి, ఉత్తరపు రాష్ట్రాల సంగతి వేరు.

స్థానాన్ని బట్టి కూడా అంచనా బలం మారుతుంది. పరుగు, ఎగురు, వేగంగా మలుపు తిరగడం మీద నడిచే స్థానాలను, అంటే రిసీవర్, రన్నింగ్ బ్యాక్, డిఫెన్సివ్ ఎండ్‌లను పదిహేడో ఏట గుర్తించడం కొంత తేలిక, ఆ గుణాలు అప్పటికే కంటికి కనబడతాయి. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌మన్ల విషయం అలా కాదు. 110 కిలోల కుర్రాడు మూడేళ్లలో 140 కిలోలు కావాలి, కాళ్ల కదలిక మాత్రం చెడకూడదు. ఎవరి ఒళ్లు దానికి ఒప్పుకుంటుందో ముందే చెప్పడం కష్టం. ఇక క్వార్టర్‌బ్యాక్ పని సగం మెదడుది. ఎదుటి డిఫెన్స్ వేసిన ఎత్తును మూడు సెకన్లలో చదవడం శిబిరంలో కొలవదగ్గ గుణం కాదు. పైగా ఒక జట్టులో ఒక్క క్వార్టర్‌బ్యాకే ఆడతాడు. ఇద్దరు ఐదు స్టార్లవాళ్లు ఒకేచోట చేరితే ఒకడు కూర్చోవాల్సిందే, వాడి రేటింగ్ తప్పు కాకపోయినా.

అవకాశాల పక్షపాతం ఇంకో విషయం. ఎక్కువ స్టార్లతో వచ్చినవాడికి కోచ్ మొదట్లో నాలుగు తప్పులు ఓర్చుకుంటాడు, స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో వచ్చిన ‘వాక్ ఆన్’కు రెండో అవకాశమే గగనం. పెద్ద రేటింగ్ కొంతవరకు తనను తానే నిజం చేసుకుంటుంది. ఇది పిల్లలకు సంబంధించిన అన్యాయం కాబట్టి గణాంకాల పక్కన చిన్న సవరణగా రాసి వదిలేయడానికి నాకు మనసొప్పదు. పదిహేడేళ్లకు ఎవరో వేసిన గుర్తు ఒక కుర్రాడికి మైదానంలో దొరికే నిమిషాలను నిర్ణయిస్తోంది.

జట్టుగా చూస్తే

ఒక్కొక్కరి విషయంలో ఇన్ని పొరపాట్లున్నా ఎనభై మందిని కలిపి చూసేసరికి బొమ్మ స్పష్టమవుతుంది. ఒకడు అంచనాకు తగ్గుతాడు, ఇంకొకడు మించుతాడు, సగటు నిలుస్తుంది. జట్లను రిక్రూటింగ్ సగటుల ప్రకారం అంతస్తులుగా విడదీసి వాటి మధ్య మ్యాచ్‌లు చూసినవారికి, పై అంతస్తు జట్టు మూడింట రెండు వంతుల దరిదాపు గెలిచినట్టు తేలింది. అంతస్తుల మధ్య దూరం పెరిగేకొద్దీ ఆ వాటా ఇంకా పెరుగుతుంది. మూడో వంతు మ్యాచ్‌లు తిరగబడతాయన్న సంగతి కూడా ఆ లెక్కలోనే ఉంది. 2007 జనవరి 1న ఫియస్టా బౌల్‌లో బాయిసీ స్టేట్ ఒక్లహోమాను 43-42తో ఓడించిన రాత్రి ఆ మూడో వంతులోది.

రిక్రూటింగ్ విశ్లేషకుడు బడ్ ఇలియట్ దశాబ్దం కిందట దీన్ని ఒక సూత్రంగా చెప్పాడు. గత నాలుగు క్లాస్‌లలో చేరినవాళ్లలో సగం కన్నా ఎక్కువమంది బ్లూ చిప్ ఆటగాళ్లు ఉన్న జట్టే జాతీయ విజేత కాగలదన్నాడు. దాన్ని ‘బ్లూ చిప్ రేషియో’ అంటారు. ఉన్నత శ్రేణిలో 130కి పైగా జట్లుంటే ఆ గీత దాటేవి మొదట్లో పది చిల్లర, ఇటీవల పదహారు, పద్దెనిమిది. 2024 సీజన్ దాకా ఆధునిక రేటింగ్‌ల కాలపు విజేతలందరూ ఆ గీతకు పైవాళ్లే. 2016 క్లెమ్సన్, 2023 మిషిగన్ గీతను కాస్త మాత్రమే దాటాయి. 2024 ఒహాయో స్టేట్ తొంభై శాతం దగ్గర ఉంది.

గీతకు కిందివాళ్లు ఆఖరి మెట్ల దాకా వచ్చారు, అక్కడ ఆగిపోయారు. 2015లో మిషిగన్ స్టేట్ సెమీఫైనల్లో అలబామా చేతిలో 38-0తో ఓడింది. 2021లో 13 విజయాలతో అజేయంగా వచ్చిన సిన్సినాటీకి అదే అలబామా 27-6తో దారి మూసింది. 2022లో టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం (టీసీయూ) మిషిగన్‌ను 51-45తో ఓడించి ఫైనల్ చేరింది, ఫైనల్లో జార్జియా 65-7తో చిత్తుచేసింది. ఆ 58 పాయింట్ల తేడాను చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. వయసులోనూ ధైర్యంలోనూ టీసీయూ తక్కువ కాదు. ఒళ్లూ వేగమూ కలిసిన లోతు లేకపోయింది.

ఆ లోతంటే ఏమిటో జార్జియాయే చూపింది. 2022 డ్రాఫ్ట్‌లో ఆ ఒక్క కాలేజీ నుంచి 15 మంది వెళ్లారు. ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో అది రికార్డు. మొదటి రౌండ్‌లోనే డిఫెన్స్ ఆటగాళ్లు ఐదుగురు. వారిలో మొత్తం డ్రాఫ్ట్‌కే మొదటి ఎంపికైన ట్రావన్ వాకర్ ఐదు స్టార్లవాడు, పక్కనే ఆడిన జోర్డన్ డేవిస్ మూడు స్టార్లవాడు. అంతకన్నా ఆశ్చర్యం, ఆ జట్టును 2021లోనూ 2022లోనూ విజేతగా నడిపిన క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెనెట్ వాక్ ఆన్‌గా వచ్చినవాడు. స్టార్లను నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ జార్జియానే సాక్ష్యంగా పిలుస్తారు, ఇద్దరి సాక్ష్యమూ చెల్లుతుంది.

సేబన్ కాలపు అలబామా మిగతా జట్లకన్నా సూటిగా చెబుతుంది. 2011 నుంచి 2017 దాకా ఏటా కంపోజిట్‌లో మొదటి స్థానం. 2009, 2011, 2012, 2015, 2017, 2020 సీజన్లలో జాతీయ టైటిళ్లు. 2008 నుంచి ఆయన రిటైరైన 2023 సీజన్ దాకా ఒక్క ఏడాదీ పది విజయాలకు తగ్గలేదు. అయితే ఇది స్టార్ల ఫలమా, సేబన్ ఫలమా? పెద్ద స్టేడియం, డబ్బు, మంచి కోచ్, వ్యాయామశాల ఉన్న చోటికే మంచి పిల్లలు వెళతారు. ఆ సౌకర్యాలు వేరేగా కూడా గెలిపిస్తాయి. అందుకే ఆర్థికవేత్తలు ఒక కాలేజీని ఇంకోదానితో కాక, దానితోనే పోల్చి చూశారు. అదే కాలేజీకి మంచి క్లాస్ వచ్చిన కాలానికీ రాని కాలానికీ విజయాల్లో తేడా ఎంత అని. అలా చూసినప్పుడు స్టార్ల ప్రభావం బాగా తగ్గింది, అయినా మిగిలింది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా నమ్మదగ్గ ఫలితం ఇదే.

స్టార్లు గెలుపుకు హామీ కావని చెప్పడానికి 2022 టెక్సస్ ఏ అండ్ ఎం చాలు. అప్పటిదాకా నమోదైన క్లాస్‌లన్నిటిలో ఎక్కువ పాయింట్లు దానివే. ఆ శరదృతువులో జట్టు 5 గెలిచి 7 ఓడింది. 2023 నవంబర్‌లో కోచ్ జింబో ఫిషర్‌ను తీసేశారు. ఒప్పందం ప్రకారం ఆయనకు చెల్లించాల్సి వచ్చింది ఏడున్నర కోట్ల డాలర్లకు పైమాటే. ఆ క్లాస్‌లో చాలామంది వేరే కాలేజీలకు చెదిరిపోయారు. కానీ 2025 డ్రాఫ్ట్ మొదటి రౌండ్ చూస్తే పదహారో ఎంపిక వాల్టర్ నోలెన్, పదిహేడో ఎంపిక షెమార్ స్టువర్ట్. ఇద్దరూ ఆ క్లాస్‌లోని ఐదు స్టార్లవాళ్లే. స్టువర్ట్ అక్కడే ఉండిపోయాడు, నోలెన్ మిసిసిపీకి మారాడు. మనుషుల గురించి రేటింగ్ చెప్పింది తప్పు కాలేదు. వాళ్లను ఒక జట్టుగా నిలపడం రేటింగ్ పరిధిలోని పని కాదు.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తరువాత

పైన చెప్పిన లెక్కలన్నీ ఒక ఊహ మీద నిలిచాయి. హైస్కూల్ నుంచి వచ్చిన కుర్రాడు చేరిన చోటే నాలుగేళ్లుంటాడన్నది ఆ ఊహ. 2018 అక్టోబర్‌లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్, 2021లో కాలేజీ మారినా ఏడాది కూర్చోనక్కర్లేదన్న నిబంధన కలిసి దాన్ని కూల్చాయి. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి సుమారు రెండు కోట్ల డాలర్ల దాకా. జట్టు పరిమాణం కూడా 85 స్కాలర్‌షిప్‌ల లెక్క నుంచి 105 మంది ఆటగాళ్ల పరిమితికి మారింది.

నాలుగు క్లాస్‌ల పాయింట్లు కలిపితే ఈనాటి జట్టు రాదు. 247 స్పోర్ట్స్ ప్రస్తుతం జాబితాలో ఉన్నవాళ్లను మాత్రమే కలిపి ‘టీమ్ టాలెంట్’ లెక్క వేస్తోంది, పోర్టల్‌లోకి వచ్చినవాళ్లకు కొత్తగా వేరే రేటింగ్ ఇస్తోంది. రెండోది సహజంగానే మెరుగైన అంచనా. ఇరవై ఒక్క ఏళ్లవాడు కాలేజీ స్థాయిలో రెండేళ్లు ఆడిన వీడియో ముందుంటే, వాడు పదహారో ఏట శిబిరంలో పరిగెత్తిన సమయం ఎవరికి కావాలి? హైస్కూల్ రేటింగ్ విలువ ఎక్కువగా మొదటి ఒకటి రెండు సంవత్సరాలదే అవుతోంది.

ఇండియానా కథ ఈ మార్పు మధ్యలో నడిచింది. ఉన్నత శ్రేణి చరిత్రలో అప్పటికి అత్యధిక ఓటములు మూటగట్టుకున్న ఆ జట్టు 2023లో 3 గెలిచి 9 ఓడింది. జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కర్ట్ సిగ్నెట్టి తన పాత ఆటగాళ్లను పదిమందికి పైగా వెంట తెచ్చుకున్నాడు. స్టార్లు తక్కువైనా మూడు నాలుగేళ్లు ఆడి రాటుదేలినవాళ్లను పోర్టల్‌లో వెతికాడు. 2024లో 11 విజయాలతో ప్లేఆఫ్‌కు చేరాడు. 2025లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాను తెచ్చాడు. మయామీలో హైస్కూల్ చదివిన మెండోజాను పెద్ద జట్లు పట్టించుకోలేదు, ఒక దశలో అతడు యేల్‌లో చేరతానని మాటిచ్చాడు కూడా. ఆ ఏడాది హైస్మన్ అతడిదే. తన లీగ్ బిగ్ టెన్ ఫైనల్లో ఒహాయో స్టేట్‌ను 13-10తో, ప్లేఆఫ్‌లో భాగంగా జరిగిన రోజ్ బౌల్‌లో అలబామాను 38-3తో దాటిన ఇండియానా 2026 జనవరి 19న మయామీ శివార్లలోని స్టేడియంలో జాతీయ ఫైనల్ ఆడింది. ఎదుటి జట్టు మయామీ విశ్వవిద్యాలయం బ్లూ చిప్ గీతకు పైది. ఇండియానా జట్టులో బ్లూ చిప్ ఆటగాళ్లు పదో వంతుకూ లోపే. 27-21తో గెలిచి, 16 మ్యాచ్‌లకు 16 నెగ్గి, ఇలియట్ గీతకు కింది నుంచి వచ్చిన మొదటి విజేతగా ఇండియానా నిలిచింది.

ఈ ఒక్క ఫలితంతో పాత సూత్రం కొట్టుకుపోయిందనడం తొందరపాటు. ఇరవై ఏళ్లకు పైగా ఒకవైపు, ఒక్క ఏడాది ఒకవైపు. అయితే ఆ ఒక్క ఏడాది వచ్చిన దారి యాదృచ్ఛికం కాదు, నిబంధనలు తెరిచిన దారి. అదే దారిలో ఇతరులూ వస్తారా లేదా అన్నది రాబోయే నాలుగైదు సీజన్లు చూపుతాయి. ఫైనల్ జరిగిన ఆ రాత్రికి 2026 క్లాస్‌లో ఎక్కువమంది సంతకాలు డిసెంబర్‌లోనే పూర్తయి ఉన్నాయి. వారి తరువాతి తరగతి పిల్లల పేర్ల పక్కన కూడా అప్పటికే స్టార్లు పడ్డాయి.